ఉన్న యింటి పద్దులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగపాఠము)

   

ఇరువదియైదు వత్సరములు నిండిన మన గ్రంథాలయమునకు జరుగుచున్న యీ యుత్సవమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నాకు ముందు మాటలాడిన పెద్దలు సాహిత్యమును గూర్చి రసవత్తరముగా ప్రసంగించిరి. నేను పండితుడను గాను. సహకార సంఘమున చిట్టా, ఆవర్జాలు వ్రాసికొని బ్రతుకువాడను. నాకు భారత భాగవతములతో నేపాటి పరిచయము గలిగినను అది పగటి లెక్కలు ముగిసిన పిదప ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద గూర్చుండి సంపాదించుకొన్నదే. నా చేతి విద్య లెక్క యొక్కటియే. కావున లెక్కకు లొంగు విషయమునే యెన్నుకొంటిని.

మనము కాపురమున్న యిండ్లలో విద్యుత్తును, గ్యాసును, వంటచెరకును వృథాగాకుండ జేసికొనుట యెట్లు? ఇదియే నేటి నా ప్రసంగ విషయము. క్రొత్త యిల్లు గట్టువారికి సలహా చెప్పువారు పెక్కురు గలరు. ద్వారబంధ మెచట నుంచవలెనో, వంటగది యే మూలనుండవలెనో చెప్పుటకు సిద్ధాంతులును ఇంజనీర్లును సిద్ధముగా నుందురు. కట్టి ముప్పదియేండ్లయిన యింటిని గూర్చి చెప్పువారు మాత్రము తక్కువ. కాని మన యూర నేడాది కేడాది లేచు క్రొత్త గోడలు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. తక్కినవారమందరము ఉన్న యింటనే జీవితము గడుపవలసినవారము. పడగొట్టి కట్టుకొను స్తోమత పదిమందికి లేదు. సరిదిద్దుకొను నవకాశము అందరకును గలదు.

గ్రంథాలయ సభలో దీపముల ప్రసంగ మేల యని యెవరైన ననవచ్చును. 1914వ సంవత్సరమున బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. దాని నిర్వహణకు పూనుకొన్న అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా దలంపలేదు. జనులకు తమ మేలు తాము తెలిసికొను చోటుగా దలంచిరి. బీరువాలోని విజ్ఞానము పాఠకుని వెంట నింటికి బోయి, వాని చూరుక్రింద నేదేని యొక మేలు చేసినప్పుడే గ్రంథాలయము ఫలించినట్లు.

కౌటిల్యుని యర్థశాస్త్రమున లెక్కల కచ్చేరిని గూర్చి ప్రత్యేకముగా నొక యధ్యాయము గలదు. దాని తరువాతి యధ్యాయమున రాజధనము హరించిపోవు మార్గములు నలువదింటిని ఆయన వరుసగా పేర్కొనెను. ఆ పట్టికను చదివినప్పుడెల్ల నాకు మన యిండ్లే జ్ఞప్తికి వచ్చును. ఇంటిలో దొంగ యుండడు. ద్వారము గడియ వేసియే యుండును. అయినను నెలకు కొంత సొమ్ము వెలుగుగా మారక, గాలిగా మారక, వంటగా మారక యూరక పోవుచుండును. ఆ పోవు దారులను వెదకుటయే మన పని.

ముందుగా కొలత. మీటరు చూపు యూనిట్టనగా వేయి వాట్ల పరికరము ఒక గంట నడచిన నగు వ్యయము. వంద వాట్లదైనచో పదిగంటలు, పది వాట్లదైనచో నూరుగంటలు నడచిన నొక యూనిట్టగును. ఈ యొక్క సూత్రము తెలిసిన, కూడికలు హెచ్చవేతలు వచ్చిన యే గృహిణియైనను తన యింటి లెక్క తానే వేసికొనగలదు. పరికరముమీద వాట్ల సంఖ్య ముద్రింపబడియే యుండును. దానిని గంటలచే గుణించి వేయిచే భాగించిన చాలును.

ఈ విద్యుత్తు ఎక్కడినుండి వచ్చుచున్నదో కూడ తెలియవలెను. మన దేశమున నుత్పత్తియగు విద్యుత్తులో నధికభాగము నేటికిని బొగ్గువలననే లభించుచున్నది. సింగరేణి గనులలో మనుష్యులు భూగర్భమునకు దిగి త్రవ్విన బొగ్గు రైలుబండ్ల నెక్కి విద్యుత్కేంద్రమునకు పోవును. అచట మండిన బొగ్గు వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే విద్యుత్తగును. తక్కినది పొగగొట్టమునుండియు, నీటిని చల్లార్చు గోపురములనుండియు ఆకాశమున గలియును. మిగిలిన దానిలోను తీగెల దారిని మరికొంత తరుగును. అనగా మన యింట నొక యూనిట్టు మిగిలిన, గనియొద్ద మూడు యూనిట్లకు సరియగు బొగ్గు మిగిలినదన్నమాట. పొలమున కాలువ చివరనున్న రైతు చేతిలోని చెంబెడు నీటికి పైన నెన్ని చెంబులు ఇంకిపోవునో మనకు తెలియనిది కాదు. ఇదియు నట్టిదే.

ఇక బిల్లు సంగతి. ఆంధ్రప్రదేశమున 2022 ఆగస్టులో గృహములకు నమలునకు వచ్చిన పట్టికను దీసికొందము. మొదటి 30 యూనిట్లకు యూనిట్టొక్కింటికి 1 రూపాయి 90 పైసలు. 31 మొదలు 75 వరకు 3 రూపాయలు. 76 మొదలు 125 వరకు 4 రూపాయల 50 పైసలు. 126 మొదలు 225 వరకు 6 రూపాయలు. 226 మొదలు 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. ఇది మెట్ల వరుస. పై మెట్టెక్కినంత మాత్రమున క్రింది మెట్టు ధర మారదు. హెచ్చుధర పై యూనిట్లకే పడును.

ఇందు దాగియున్న రహస్యము నొకటి చూపెదను. ఒక యింట మే నెలలో 250 యూనిట్లు కాలినవనుకొనుడు. పై పట్టిక ప్రకారము శక్తి రుసుము 1,235 రూపాయల 75 పైసలగును. సగటున యూనిట్టు అయిదు రూపాయలకు లోపే. ఆ యింటివారు 50 యూనిట్లు పొదుపు చేసినచో నెంత మిగులును? సగటుతో గుణించువాడు 247 రూపాయలనును. అది సరికాదు. మిగిలినవి క్రింది మెట్టు యూనిట్లు గావు, పై మెట్టువి. ఇరువదియైదు 8 రూపాయల 75 పైసలవి, ఇరువదియైదు 6 రూపాయలవి. బిల్లు 867 రూపాయలకు దిగును. మిగులు 368 రూపాయల 75 పైసలు. పొదుపు చేయు యూనిట్టు ఎల్లప్పుడును అన్నిటికంటె ఖరీదైన యూనిట్టే. ఇతర రుసుములు, సర్దుబాట్లు దీనికి వేరుగా జేరును. వానిలో నధికభాగము యూనిట్ల ననుసరించియే పెరుగును గావున మిగులు మరికొంత హెచ్చునేగాని తగ్గదు.

ఆ 50 యూనిట్లు ఎచటనుండి తేవలెను? ఇంటిలోనికి రండు.

మొదటిది దీపము. పాతకాలపు తీగె బల్బు త్రాగు శక్తిలో నూటికి 90 పాళ్ళకు పైగా వేడియై పోవును. అది దీపమన్న పేరుగల చిన్న కుంపటి. 60 వాట్ల బల్బు ఇచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇచ్చును. దినమున కైదుగంటలు వెలిగినచో నెలకు ఏడున్నర యూనిట్లకు పైగా భేదము. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఉజాలా పథకమున 36 కోట్లకు మించిన బల్బులు పంచబడినవి. ప్రభుత్వ సంస్థ కొనుగోలు చేయు ధర 2014లో 310 రూపాయలుండగా 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. అందరు కలసి యొక్కసారి కొనినచో ధర యెట్లు దిగునో సహకార సంఘము వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మన యూర హాలులో తెల్లని దీపములు వచ్చినవి గాని, పశువుల కొట్టములోను, స్నానపు గదిలోను, దేవుని యెదుటను పాత బల్బులు ఇంకను నిలిచియున్నవి. రాత్రియంతయు వెలుగునవి తరచుగా నవియే. లావు చోకు గల పాత గొట్టపు దీపమును గూడ మార్చదగును. గొట్టము 40 వాట్లదైనను చోకుతో గలిసి 50 వాట్లకు మించును, ఎల్.ఇ.డి. గొట్టమునకు 20 వాట్లు చాలును.

రెండవది పంకా. మన యింట నన్నిటికంటె నెక్కువ గంటలు దిరుగు యంత్రమిదియే గాని దీనిని యెవరును అనుమానింపరు. పాత పంకా 75 వాట్లు తీసికొనును. ఇప్పుడు బి.ఎల్.డి.సి. యను క్రొత్త మోటారు పంకాలు సుమారు 30 వాట్లతో నంతే గాలి నిచ్చుచున్నవి. దినమునకు పదునైదు గంటలు దిరిగినచో నొక్కొక్క పంకాకు నెలకు 20 యూనిట్లు మిగులును. ఏడాదిలో ఎనిమిది నెలలు తిప్పినచో 162 యూనిట్లు. ఆరు రూపాయల మెట్టుమీద నున్న యింటికి 972 రూపాయలు. పంకా వెల రెండున్నర మొదలు మూడు వేల రూపాయలు గావున మూడేండ్లలో పెట్టుబడి తిరిగివచ్చును. మూడు రూపాయల మెట్టుమీదనున్న చిన్న కాపురమునకు అయిదారేండ్లు పట్టును. కావున అందరకును ఒకే మందు వ్రాయను. పాత పంకా చెడి తీగె చుట్టింపవలసి వచ్చినప్పుడు ఆ చుట్టుకూలికి కొంత జేర్చి క్రొత్తది కొనుట చిన్న కాపురమునకు యుక్తము. వేడెక్కు పెట్టెవంటి పాత రెగ్యులేటరు మాత్రము వెంటనే మార్చదగినది. పంకాను నెమ్మదింపజేసినప్పుడు తగ్గిన శక్తిలో కొంత ఆ పెట్టెయే వేడిగా హరించుచుండును.

కొనునపుడు నక్షత్రముల గుర్తు జూడుడు. 2001 నాటి శక్తి పొదుపు చట్టము ననుసరించి 2002లో నేర్పడిన ప్రభుత్వ సంస్థ ఈ గుర్తులు నిర్ణయించును. 2023 జనవరి 1 నుండి పంకాలకు గూడ నది తప్పనిసరి యయ్యెను. అయిదు నక్షత్రములు మేలు, ఒకటి కనిష్ఠము. నక్షత్రముతోబాటు గుర్తుపై వ్రాసిన సంవత్సరమును గూడ చదువుడు. ప్రమాణములు మారుచుండును గావున పాత సంవత్సరపు అయిదు నేటి అయిదుతో సమానము గాకపోవచ్చును.

మూడవది నిద్రించుచున్నట్లు నటించు యంత్రములు. టీవీ క్రింది పెట్టె చేతిమీటతో నార్పినను లోపల మేలుకొనియే యుండును. పదివాట్లు పీల్చు పెట్టెను దినమునకు పదునెనిమిది గంటలు గోడ మీట నొక్కి పూర్తిగా నార్పినచో నెలకు 5 యూనిట్లకు పైగా మిగులును. ఖర్చు లేదు, చేయి చాపుటయే. రెండు పంకాలు, ఒక బల్బు, ఈ పెట్టె కలిపి చూడుడు. మనము వెదకిన 50 యూనిట్లు నిండి మూడు పైబడినవి.

నాలుగవది మేడమీది నీళ్ళతొట్టి. తొట్టి నిండి పొరలి వీథిలోని బురదలో గలియువరకు మోటారు ఆపకుండుట మన యూర సాధారణ దృశ్యము. ఒక అశ్వశక్తి మోటారు ఇరువది నిమిషములు వృథాగా నడచిన యూనిట్టులో మూడవ వంతు; నెలకు పది యూనిట్లు. భూగర్భజలము పోవుట వేరు నష్టము. బిరడాతో పనిచేయు చిన్న మీట నమర్చినచో తొట్టి నిండగానే మోటారు ఆగును.

ఐదవది శీతల పేటిక. దాని తలుపునకు గల రబ్బరు అంచు వదులైనచో చల్లదనము రాత్రింబవళ్ళు కారిపోవును. తలుపు మధ్య నొక కాగితమునుంచి మూసి లాగి చూడుడు. తేలికగా జారి వచ్చినచో రబ్బరు మార్చవలెను. పేటిక వెనుక జానెడు చోటు విడువుడు. వేడి గిన్నెను చల్లార్చియే లోపల బెట్టుడు. గది చల్లబరచు యంత్రము గలవారు మన యూర ఇప్పుడు కొందరున్నారు. దానియందొక్క డిగ్రీ హెచ్చించిన నూటికి సుమారు ఆరుపాళ్ళు ఖర్చు తగ్గునని పై సంస్థ చెప్పుచున్నది. 2020 మొదలు క్రొత్త యంత్రములు 24 డిగ్రీలయొద్దనే తెరచుకొనునట్లు నియమము చేయబడినది. దానిని పదునెనిమిదికి దించి దుప్పటి కప్పుకొనుట యెవరి మేలుకో నాకు బోధపడదు.

ఇంతవరకు చెప్పినవి మీటకు సంబంధించినవి. ఇక అసలు శత్రువు మీటలో లేడు, మిద్దెమీద నున్నాడు.

మన ప్రాంతమున మే మొదటివారమున సూర్యుడు మధ్యాహ్నవేళ సరిగా నడినెత్తిన నిలుచును. అప్పుడు గోడలకంటె పైకప్పునకే యెండ యధికముగా తగులును. చదరపు మీటరు చోటున పడు నెండ వేయి వాట్లకు సమీపించును. పదునైదడుగుల వెడల్పు, ఇరువదడుగుల పొడవు గల గది కప్పు సుమారు 28 చదరపు మీటర్లు. అనగా వేయివాట్ల ఇస్త్రీపెట్టెలు ఇరువదెనిమిదింటిని మిద్దెమీద వరుసగా పరచి మీట నొక్కినట్లు. నల్లబడిన సిమెంటు కప్పు అందులో నూటికి 70 పాళ్ళకు మించి త్రాగివేయును. దాని క్రింద పంకా తిప్పినను అది కప్పు వేడినే మన నెత్తిన క్రుమ్మరించును. తెల్లని క్రొత్త పూత వేసినచో నూటికి 70 పాళ్ళకు మించి యాకసమునకే తిప్పిపంపును. ఇరువది ఇస్త్రీపెట్టెలకు బదులు ఎనిమిది మాత్రము మిగులునన్నమాట. గదిలోపల రెండు మొదలు నాలుగు డిగ్రీల వరకు వేడి తగ్గుట అనుభవమున చూడబడినది. హైదరాబాదులోని వాణిజ్య భవనములపై చేసి 2012లో ప్రకటించిన పరిశోధనలో, నల్లని కప్పును తెల్లబరచుటచే గదులను చల్లబరచు ఖర్చు నూటికి 14 మొదలు 26 పాళ్ళు తగ్గినట్లు తేలినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమునొక దానిని ప్రకటించినది.

ఇది యేమంత క్రొత్త విద్య కాదు. పండుగకు ముందు ఇంటికి వెల్లవేయుట మన తాతలనాటి యాచారము. వారు గోడలకు వేసిరి. మనము కప్పునకు గూడ వేయవలెను. మంచి సున్నమును రాత్రియంతయు నానవేసి, వడగట్టి, కొంచెము జిగురు కలిపి, కప్పును శుభ్రముగా నూడ్చి తడిపి, రెండు మూడు పూతలు వేయవలెను. పగుళ్ళుండినచో ముందుగా పూడ్చవలెను. సున్నపు నీరు కంట బడినచో చూపునకే ముప్పు గావున చిన్నపిల్లలను దూరముగా నుంచుడు. వానలకు పూత కొంత కరగును, దుమ్ముచే మాయును. కావున ఏటేట ఫాల్గుణమున మరల వేయవలసినదే. ఎక్కువ కాలము నిలుచు తెల్లని రంగులు గూడ దొరకును, అవి ఖరీదైనవి.

రేకుల యింటిని గూర్చి వేరుగా చెప్పవలెను. మెరయుచున్నది గదా యని ఇనుప రేకు చల్లనిదనుకొనరాదు. అది కొంత వెలుగును తిప్పిపంపినను, త్రాగిన వేడిని తేలికగా విడువదు. కాలిన పెనమువలె లోపలివారిమీద నా వేడిని గ్రుమ్మరించును. దానికి తెల్లని రంగు వేయవలెను. లోపల కొంత యెడము విడిచి తాటియాకు చాపనో, వెదురు తడికనో కప్పుగా గట్టవలెను. ఆ యెడమునుండి గాలి అటునిటు పోవునట్లు త్రోవయుండవలెను. పొయ్యికి మాత్రము దూరముగా నుంచవలెను. రేకులమీదికి సొరపాదు ప్రాకించుట మన తల్లులకు తెలిసిన యుపాయము. నీడకు నీడ, కూరకు కూర. పాత సిమెంటు రేకులలో రాతినార కలిసియుండును గనుక వానిని పొడిగా గీకరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. నీటితో తడిపి పైపైన శుభ్రపరచి పూత వేయవలెను.

ఇది సుఖమును గూర్చిన మాటగా దలంపకుడు. 2015 మే నెలలో వీచిన వడగాలికి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయికి మించిన ప్రాణములు పోయినవి. పోయినవారిలో ముసలివారును, ఎండలో కూలిచేసి వేడెక్కిన యింటికి మరలినవారును నధికులు. పగటి యెండను తాళిన దేహము రాత్రియైన చల్లబడినచో కోలుకొనును. రాత్రి గదియు నుడికినచో కోలుకొనలేదు. భారతమున పాండవులను లక్క యింట గాపురముంచిరి. విదురుని హెచ్చరికచే వారు బిలమార్గమున బయటపడిరి. మన చెరువుగట్టు వీథిలోని రేకుల యింటి ముసలమ్మకు బిలము లేదు. ఎదుటి వేపచెట్టు నీడ యొక్కటియే దిక్కు. మే నెలలో మిట్టమధ్యాహ్నమున ఆ వీథిన బోవువారు ఆ చెట్టుక్రింద మంచములు వేసికొని కూర్చున్న పెద్దలను చూచియే యుందురు. అది విశ్రాంతి కాదు, ఇంటినుండి వెలివేయబడుట.

గోడల విషయమున పడమటి గోడను కాపాడుకొనుడు. అపరాహ్ణపు టెండ వాలుగా దానినే కాల్చును. అటువైపు చెట్టు, పందిరి, తడిక యేదైనను మేలే. పగలు పదిగంటలకు పడమటి కిటికీలు మూసి, సూర్యాస్తమయము పిదప అన్నియు దెరచినచో రాత్రిగాలి గోడల వేడిని కడిగివేయును. తడిపిన వట్టివేళ్ళ తడికలు పొడిగాలి వీచునప్పుడు బాగుగా పనిచేయును; సముద్రపు తేమగాలి యున్నప్పుడు వాని ఫలము తక్కువ. పూర్వపు మండువా లోగిళ్ళను పొగడువారు పెక్కురు. వాని మందపు గోడలు, లోతైన వసారాలు చల్లదనము నిచ్చిన మాట నిజము. తాటాకు కప్పులు అగ్నికి ఆహుతియై వీథులకు వీథులే మాడిపోయిన మాటయు నిజమే. పాతదానిని నెత్తిన పెట్టుకొనవద్దు, పారవేయవద్దు. అందలి యుపాయమును దీసికొందము.

వంటగది లెక్క తల్లులది. 1953లోనే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్.పి. రాజుగారు కోట్లాది జనుల వంటగదులు పొగలేనివి కావలెనని యొక గ్రంథము వ్రాసి, పొగగొట్టము గల మట్టిపొయ్యిని ప్రచారము చేసిరి. తెలుగునాట పుట్టిన యా పొయ్యి ఇతర రాష్ట్రములలో గూడ పేరుగాంచినది. తరువాత 1999లో దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము గ్యాసును పల్లెకు దెచ్చినవి. అయినను నీళ్ళు కాచుటకును, పశువుల కుడితికిని కట్టెపొయ్యి నేటికిని మండుచునేయున్నది. దానికి పొగగొట్టము నమర్చుట కట్టెకంటె ముందు కంటిని, రొమ్మును కాపాడుటకు. గ్యాసు పొయ్యిమీద మూత పెట్టి వండుట, పప్పును ముందుగా నానబెట్టుట, ఉడుకు పట్టిన పిదప మంట తగ్గించుట, గిన్నె అడుగును దాటి మంట పైకి లేవకుండ జూచుట, ఇవి ఖర్చులేని పొదుపులు. వేసవిలో వంటింట మిగిలిన ప్రతి మంటయు వండునామెకు మిగిలిన చెమట.

ఇక ఆక్షేపణలు. “మాకు 200 యూనిట్ల వరకు ప్రభుత్వమే యుచితముగా నిచ్చుచున్నది, మాకేల పొదుపు?” అని కొందరందురు. ఉచితమునకు హద్దు కలదు. వేసవిలో ఆ హద్దు దాటకుండ గాపాడునది పొదుపే. “అద్దె యింటిలోనున్నవాడ నేమి చేయుదును?” అని మరికొందరు. ఇది న్యాయమైన ప్రశ్న. కప్పునకు వెల్ల వేయు ఖర్చు యజమానిది, చల్లదనము అద్దెకున్నవానిది. బిల్లు వీనిది, ఇల్లు వానిది. ఇందువలననే పనులు నిలిచిపోవును. సున్నము యజమాని కొని, కూలి అద్దెవాడు చేసికొనినచో వివాదము తీరును. పంకా, బల్బు అద్దెవాడు కొనినను ఇల్లు మారునపుడు వెంట తీసికొనిపోవచ్చును గదా! మరియొకటి. క్రొత్త పంకా హాలులో బిగించి పాతదానిని వసారాలో బిగించినచో అది పొదుపు కాదు, రెండవ ఖర్చు. పాతది ఇల్లు విడువవలెను.

“సూర్యఫలకములు పెట్టుకొనినచో చిక్కులన్నియు దీరును గదా” అనువారును గలరు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభింపబడిన పి.ఎం. సూర్యఘర్ పథకమున మూడు కిలోవాట్ల ఫలకములకు 78,000 రూపాయల వరకు సహాయము నిర్ణయింపబడినది. మంచిదే. కాని చిల్లులు గల కుండకు ముందు చిల్లు పూడ్చి పిదప నీరు పోయవలెను. 250 యూనిట్ల యిల్లు 180కి దిగినచో చిన్న ఫలకములతోనే సరిపోవును, అప్పును చిన్నదగును.

చివరగా మన గ్రంథాలయము చేయదగినవి మూడు మనవి చేయుదును. ఒకటి: పరికరము ఎన్ని వాట్లు త్రాగుచున్నదో చూపు చిన్న మీటరు నొకదానిని కొని, పుస్తకమువలెనే చందాదారులకు మూడుదినముల గడువుతో నెరవిచ్చుట. దాని వెల యొక మంచి నిఘంటువు వెలకు మించదు. రెండు: వార్తాపత్రికల బల్లమీద నొక చిట్టా నుంచుట. ఇష్టముగలవారు తమ నెలసరి యూనిట్లను, చేసిన మార్పును అందు వ్రాయవలెను. ఏడాది గడచిన పిదప ఏ యుపాయము మన యూర నెంత ఫలించినదో మన లెక్కయే మనకు చెప్పును. పరుల మాటతో పని యుండదు.

మూడవది కొంత జంకుతో చెప్పుచున్నాను. ఉత్సవనిధిలో మిగులు సొమ్ముతో గ్రంథాలయము ముందు విద్యుద్దీపముల స్వాగతద్వారము నిర్మింపవలెనని కొందరి సంకల్పము. వారి యభిమానము గొప్పది. దానిని నేను తక్కువ చేయను. కాని వేసవి సెలవులలో చదువుకొనవచ్చిన పిల్లలు పదకొండు గంటలకే పుస్తకములు మూసి లేచిపోవుచున్నారు. పైకప్పు వారిని కూర్చుండనీయుట లేదు. ద్వారమున నెంత స్వాగతమున్నను లోపల నిలువలేనిచో నది యేమి స్వాగతము? కావున ఆ సొమ్ముతో ముందుగా ఈ భవనపు కప్పునకు తెల్లపూత వేయింతము. మిగిలిన దానితో సున్నమును, రంగును కొని ఫాల్గుణమాసమున నొక్క యాదివారము చెరువుగట్టు వీథిలోని రేకుల యిండ్లకు అందరము కలసి పూత వేయుదము. కూలి మనదే. యువజనులు నిచ్చెన లెక్కుదురు. నాబోటి యేబదిదాటినవారము క్రింద నిలిచి సున్నము కలుపుదుము, ఎంత వాడితిమో లెక్క వ్రాయుదుము. రజతోత్సవమునకు వెండితెలుపు తగినదే గదా. అది తోరణముమీదనే యుండనక్కరలేదు, మన యూరి కప్పులమీద నుండినను శోభించును.

నిర్ణయము పాలకవర్గమువారిది, సభవారిది. లెక్క మీ ముందుంచుట వరకే నా ధర్మము.